హేస్టింగ్స్ పార్కులో బడి పెట్టిన పంతులమ్మ

వాంకూవర్ నగరానికి తూర్పు వైపున ఉన్న హేస్టింగ్స్ పార్కు, 1910లో మొదలైన పసిఫిక్ జాతీయ ప్రదర్శన అనే వార్షిక సంత మూలంగా, ఆ ఊరివారికి ప్రధానంగా సంబరాల స్థలంగానే పరిచయం. గుర్రప్పందేల మైదానం, 1958లో చెక్కతో కట్టిన రోలర్ కోస్టర్, మేలుజాతి పశువులను పోటీకి నిలిపే శాలలు అన్నీ ఈ ఆవరణలోనే ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ శత్రుదేశమైనందువల్ల, పసిఫిక్ తీరం నుంచి వంద మైళ్ల లోపు ఉంటున్న జపాన్ సంతతి వారందరినీ ఇళ్లు ఖాళీ చేయించాలని కెనడా ప్రభుత్వం నిర్ణయించినప్పుడు, 1942 మార్చి నుంచి సెప్టెంబరు వరకు ఎనిమిది వేలమందికి పైగా మనుషులను తాత్కాలికంగా ఉంచింది కూడా ఈ ఆవరణలోనే. తీరం విడిచిపోవలసి వచ్చిన సుమారు 22,000 మందిలో అత్యధికులు కెనడా పౌరులు.

ఆ కాలపు కట్టడాల్లో నాలుగు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. ఫోరం అనే పెద్ద క్రీడాశాలలో మగవారిని ఉంచగా, ఆడవారిని, పిల్లలను పశుశాలలో పెట్టారు. ఈ పశుశాల ముందు నిలబడిన సందర్శకునికి మొదట తట్టేది దాని పొడవు. ప్రదర్శన రోజుల్లో లోపల గడ్డి, పేడ, తడిసిన సిమెంటు కలిసిన వాసన ఉంటుంది. 1942లో వచ్చినవారికి కేటాయించినవి పశువులను కట్టే గాటి అరలే. సున్నం కొట్టినా వాసన పోలేదని, గడ్డి కుక్కిన పరుపుల మీద పడుకున్నామని, పక్క కుటుంబం కంటపడకుండా దుప్పట్లను తెరలుగా కట్టుకున్నామని అక్కడ గడిపినవారు పదేపదే చెప్పారు. తండ్రులు, అన్నలు రోడ్డు పనుల శిబిరాలకు తరలిపోగా, బడి పోయి, చేయడానికేమీ లేక, వందల మంది పిల్లలు ఈ అరల మధ్య తిరుగుతూ ఉండిపోయారు. వారికి చదువు చెప్పే ఏర్పాటుకు పూనుకున్న ఉపాధ్యాయిని హిదే హ్యోదో. పెళ్లి తరువాత ఆమె హిదే హ్యోదో షిమిజు.

ఆమె 1908లో వాంకూవర్‌లోనే పుట్టారు. నిసెయ్, అంటే వలస వచ్చిన జపనీయులకు కెనడాలో పుట్టిన రెండో తరం వారు, ఏ చదువు చదివినా ఆ చదువుకు తగిన ఉద్యోగం దొరకని కాలమది. బ్రిటిష్ కొలంబియా రాష్ట్రం 1895లో జపనీయులకు ఓటుహక్కు తీసివేసింది. ఓటర్ల జాబితాలో పేరు లేనివారికి న్యాయవాద వృత్తి, మందుల దుకాణం నడిపే లైసెన్సు, ప్రభుత్వ పనుల కాంట్రాక్టులు అందకుండా నిబంధనలు అల్లారు. ఇదే రాష్ట్రం 1907లో భారతీయుల ఓటు కూడా తీసివేసిందని, అది తిరిగి వచ్చింది 1947లోనని గుర్తుచేసుకుంటే, 1914లో భారతీయ ప్రయాణికులతో వచ్చిన కోమగటమారు ఓడను వాంకూవర్ రేవు నుంచి వెనక్కి పంపిన రాజకీయానికీ హేస్టింగ్స్ పార్కుకూ మూలం ఒకటేనని తెలుగు పాఠకులకు బోధపడుతుంది.

నార్మల్ స్కూలులో, అంటే ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో, చదువు ముగించిన హిదే 1926లో స్టీవ్‌స్టన్‌లోని లార్డ్ బింగ్ ప్రాథమిక పాఠశాలలో చేరారు. ఫ్రేజర్ నది సముద్రంలో కలిసే చోట ఉన్న స్టీవ్‌స్టన్ అప్పుడు చేపల ఊరు: మగవారు సామన్ చేపల వేటకు పోతే, ఆడవారు చేపలను డబ్బాల్లో నింపే కానరీలలో కూలికి పోయేవారు. ఇంట్లో జపనీస్ తప్ప మరో మాట వినని పిల్లలకు ఒకటో తరగతిలో ఇంగ్లీషు అక్షరాలు దిద్దించే పని ఆమెది. బ్రిటిష్ కొలంబియా ప్రభుత్వ పాఠశాలల్లో ఉద్యోగం దొరికిన తొలి జపాన్ సంతతి ఉపాధ్యాయిని ఆమే. 1936లో ఓటుహక్కు అడగడానికి ఒట్టావాలోని పార్లమెంటు సంఘం ముందుకు నిసెయ్ యువత పంపిన నలుగురు ప్రతినిధుల్లో ఆమె ఒక్కరే మహిళ. తరువాత భాషాశాస్త్రవేత్తగా పేరు పొందిన శామ్యూల్ హయకవా కూడా ఆ నలుగురిలో ఒకరు. వారి విన్నపాన్ని సంఘం ఆలకించింది గాని, ఓటు మాత్రం ఇవ్వలేదు.

కెనడాలో విద్య రాష్ట్రాల పరిధిలోని విషయం. కేంద్రం తరలించిన పిల్లల బాధ్యత తమది కాదని బ్రిటిష్ కొలంబియా ప్రభుత్వం తప్పుకోగా, ఆ పిల్లలు ఎవరికీ చెందని విద్యార్థులయ్యారు. స్టీవ్‌స్టన్ నుంచి హేస్టింగ్స్ పార్కుకు వస్తూ పోతూ హిదే అక్కడ బడి ఏర్పాటు చేసింది ఈ పరిస్థితిలోనే. పాఠాలు చెప్పడానికి శిక్షణ పొందినవారు లేరు. ఉన్నవారల్లా హైస్కూలు ముగించిన అమ్మాయిలు, అబ్బాయిలు. పాఠాన్ని ఎక్కడ మొదలుపెట్టాలో, అల్లరిపిల్లవాణ్ణి ఎలా దారికి తేవాలో, మొదట వాళ్లకు నేర్పవలసి వచ్చింది. రేపు ఎక్కడికి పంపుతారో పంతులమ్మకూ పిల్లలకూ ఇద్దరికీ తెలియని చోట, రోజూ వేళకు హాజరు పిలిచి పలక పట్టించడం మామూలు సేవ కాదు. పిల్లలకు చదువు ఎంత అందిందో, తాము ఇంకా బడిపిల్లలమేనన్న ధైర్యం కూడా అంతే అందిందని భావించవచ్చు.

పార్కు నుంచి కుటుంబాలను కొండల నడుమ ఉన్న స్లోకన్ లోయ, న్యూ డెన్వర్, లెమన్ క్రీక్, తాష్మే వంటి నిర్బంధ శిబిరాలకు పంపినప్పుడు ఆ పని ఇంకా పెద్దదైంది. తరలింపు కోసం కేంద్రం నియమించిన భద్రతా కమిషన్ ఎనిమిదో తరగతి వరకు బడులు నడపడానికి ఒప్పుకొన్నది. హైస్కూలు చదువును చర్చి సంఘాలకు, పోస్టులో వచ్చే పాఠాలకు వదిలివేసింది. శిబిరాల బడులను నెలకొల్పి పర్యవేక్షించే బాధ్యత హిదేకు అప్పగించారు. ఒక శిబిరం నుంచి మరో శిబిరానికి తిరుగుతూ ఆమె కొత్త ఉపాధ్యాయుల పాఠాలు చూసి సరిదిద్దేవారు. వేసవుల్లో న్యూ డెన్వర్‌లో శిక్షణ తరగతులు జరిగేవి. వాంకూవర్ నార్మల్ స్కూలు నుంచి అధ్యాపకులు అక్కడికి వచ్చి బోధించేవారు. ఆమె జీవితాన్ని తలచుకునేవారు ధైర్యాన్ని, త్యాగాన్ని ఎక్కువగా పొగడుతారు. అవి నిజమే గాని, ఆమె చేసిన అసలు పని నిర్బంధంలో ఉన్న ఒక సమాజం చేతికి దాని సొంత ఉపాధ్యాయులను తయారుచేసి ఇవ్వడం. పదహారేళ్లు ఒకటో తరగతికి చదువు చెప్పిన ఓర్పు లేకపోతే అది సాధ్యమయ్యేది కాదు.

ఇప్పుడు పార్కులో, ఫోరం భవనం దగ్గర, జపాన్ మేపుల్ చెట్టు పేరు పెట్టుకున్న మొమిజి స్మారక ఉద్యానవనం ఉంది. నాటి కట్టడాల దగ్గర చరిత్ర చెప్పే ఫలకాలు కనిపిస్తాయి. సంతకు వచ్చే కుటుంబాలు పశుశాల ముందు పిల్లలతో ఆగి వాటిని చదివితే, ఆ గోడల మధ్య తమ పిల్లల ఈడు పిల్లలు బతికారన్న సంగతి పాఠ్యపుస్తకం కంటే సూటిగా చేరుతుంది. అందువల్ల ఆ ఫలకాలు పశువులున్న శాల పక్కనే ఉండడం ఎంతో సబబు.

యుద్ధం తరువాత హిదే టొరంటోలో స్థిరపడి, 1948లో కొసబురో షిమిజు అనే క్రైస్తవ మతాచార్యుణ్ణి పెళ్లాడి, భార్య పోయిన ఆయన నలుగురు పిల్లలకు తల్లి అయ్యారు. జపాన్ సంతతి వారికి పూర్తి ఓటుహక్కు 1949లో వచ్చింది. ఉద్యోగపు రోజులు గడిచిపోయిన వృద్ధాప్యంలో కూడా ఆమె ప్రభుత్వం తప్పు ఒప్పుకోవాలనే ఉద్యమంలో పాల్గొన్నారు; 1982లో ఆర్డర్ ఆఫ్ కెనడా గౌరవం అందుకున్నారు. 1988 సెప్టెంబరు 22న ప్రధాని బ్రయన్ మల్రోనీ పార్లమెంటులో తప్పును అంగీకరించి, బతికి ఉన్న ప్రతి బాధితునికీ 21,000 డాలర్ల పరిహారం ప్రకటించే నాటికి ఆమెకు ఎనభై ఏళ్లు. 1999లో ఆమె కన్నుమూశారు. జపాన్ సంతతి వారిని తీరం నుంచి పంపివేయాలని 1942లో తీర్మానం చేసిన వాంకూవర్ నగరపాలక మండలి, అందుకు క్షమాపణ చెప్పింది 2013లో.