రిపోర్ట్ రాకముందు

అమ్మ బ్లడ్ రిపోర్ట్ వాట్సాప్‌లో వచ్చినప్పుడు నేను ఆఫీస్ కాల్‌లో ఉన్నాను. మైక్ మ్యూట్‌లో పెట్టి పీడీఎఫ్ తెరిచాను. యాంటీ సీసీపీ అన్న పేరు పక్కన, 20 లోపు ఉండాలి అని ఉంది. అమ్మది 200 పైన. ఆ ల్యాబ్‌లో అంతకుమించి కొలవరట.

ఆ క్షణంలో నాకొచ్చిన మొదటి ఆలోచన రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ రాయాలనిపించింది దాని గురించే. "అయితే అమ్మ నిజమే చెప్తోందన్నమాట" అనుకున్నాను.

అంటే అప్పటిదాకా ఏమనుకున్నట్టు?

*

అమ్మకి యాభై ఏడేళ్ళు. నాన్నతో పాలకొల్లులో ఉంటుంది. రిపోర్ట్ రావడానికి రెండేళ్ళ ముందు నుంచే ఫోన్లో "పొద్దున్నే వేళ్ళు ముడుచుకోవట్లేదురా" అంటూ ఉండేది. "వయసు కదమ్మా" అని క్యాల్షియం బిళ్ళలు ఆన్‌లైన్లో ఆర్డర్ పెట్టేవాణ్ణి. దాంతో నా వంతు అయిపోయేది. పాల ప్యాకెట్ పళ్ళతో చింపుతోందని అక్క చెప్పింది. జాకెట్ హుక్కులు పెట్టడానికి పక్కింటావిణ్ణి పిలుస్తోందని చాలా ఆలస్యంగా తెలిసింది.

చిక్కేంటంటే, పదకొండయ్యేసరికి అమ్మ మామూలుగా అయిపోయేది. కూర తరిగేది, సీరియల్ చూస్తూ పూలు కట్టేది. మధ్యాహ్నం చూసినవాళ్ళకి పొద్దున్న చెప్పిన నొప్పి ఏదో పెంచి చెప్పినట్టే ఉంటుంది. "మీ అమ్మకి కాస్త ఎక్కువ చెప్పుకోవడం అలవాటు" అన్నారు నాన్న. నేను కాదనలేదు.

ఊళ్ళో ఒక డాక్టరుగారు ఆర్‌ఏ ఫ్యాక్టర్ టెస్ట్ రాశారు. నెగెటివ్ వచ్చింది. "వాతం లేదమ్మా, కీళ్ళు అరుగుతున్నాయి. ఈ వయసులో మామూలే" అన్నారాయన. ఇంట్లో అందరికీ ఊపిరాడింది. అమ్మ కూడా ఆ తర్వాత కొన్నాళ్ళు నొప్పి గురించి మాట్లాడలేదు. తగ్గిందనుకున్నాం. నెగెటివ్ అన్న కాయితం ఇంట్లో ఉండగా ఇంకా నొప్పి అంటే ఎవరు వింటారని ఊరుకుందని తర్వాత చెప్పింది.

కీళ్ళ నొప్పి అనగానే మనకి "అరిగిపోయాయి" అన్న మాట నోటికి వచ్చేస్తుంది. చెప్పులు అరిగినట్టు, టైర్లు అరిగినట్టు. అరుగుదల అనేది వేరే జబ్బు. అక్కడ కీలు వాడేకొద్దీ నొప్పి పెరుగుతుంది, కూర్చుంటే కాస్త నయం. కీళ్ళవాతంలో కీలు లోపలి పొర వాస్తుంది. రాత్రంతా కదలకుండా ఉన్న చేతులు పొద్దున్నకి బిగుసుకుపోయి, పని చేసేకొద్దీ వదులవుతాయి. ఈ తేడానే అమ్మ ప్రతి ఫోన్లోనూ చెప్తూ వచ్చింది. మేం "నొప్పి" అన్న ఒక్క మాట విని మిగతాది వదిలేశాం. కథల మీద నాలుగు వ్యాసాలు రాసి, వాక్యం వాక్యం పట్టుకుని చదవాలని ఇతరులకి చెప్పేవాణ్ణి నేను.

చివరికి ఉంగరం వేలికి బిగుసుకుపోయి, కంసాలి దగ్గర కోయించుకోవాల్సి వచ్చింది. అప్పుడు హైదరాబాద్ తీసుకొచ్చాను. ఇక్కడ కీళ్ళవాతం డాక్టర్ కాయితాలు పక్కన పెట్టి, అమ్మ రెండు చేతులూ పట్టుకుని ఒక్కో కణుపూ నొక్కి చూశారు. "పొద్దున్న లేచాక వేళ్ళు వదులవడానికి ఎంతసేపు పడుతుందమ్మా?" అని అడిగారు.

"మా ఆయన రెండు కాఫీలు తాగి, పేపర్ మొత్తం చదివి, స్నానానికి వెళ్ళేదాకా" అంది అమ్మ.

డాక్టర్ నవ్వకుండా "గంటన్నర" అని రాసుకున్నారు. ఆ ప్రశ్న రెండేళ్ళలో మాలో ఒక్కరం కూడా అడగలేదు.

*

రిపోర్ట్ వచ్చిన రాత్రి నుంచి చదవడం మొదలుపెట్టాను. బగ్ దొరికాక దాని చరిత్రంతా తవ్వే అలవాటు ఉద్యోగం నేర్పింది.

మొదటి టెస్ట్ కథ 1940లో నార్వేలో మొదలైంది. ఎరిక్ వాలర్ అనే ఆయన, కుందేలు యాంటీబాడీలు పట్టించిన గొర్రె ఎర్ర రక్తకణాలకి కీళ్ళవాతం ఉన్న మనిషి సీరం కలిపితే ఆ కణాలు గుంపులుగా అతుక్కుపోవడం చూశాడు. 1948లో న్యూయార్క్‌లో హ్యారీ రోజ్ బృందం కూడా అదే చూసింది. సీరంలో ఏదో ఉంది, అది కణాల్ని అతికిస్తోంది. ఏంటో తెలీదు. "రుమటాయిడ్ ఫ్యాక్టర్" అన్నారు. తెలియనిదానికి పెట్టిన పేరు అది. మన ల్యాబుల్లో అదే ఆర్‌ఏ ఫ్యాక్టర్ అయింది.

తర్వాత తేలిందేంటంటే, ఆ ఫ్యాక్టర్ కూడా ఒక యాంటీబాడీయే. బయటి క్రిమిని పట్టుకోవాల్సింది పోయి, మన సొంత యాంటీబాడీల తోకని పట్టుకుంటుంది. సొంత శరీరంలోని వాటినే పట్టుకునే ఇలాంటివాటిని ఆటోయాంటీబాడీలు అంటారు. కాకపోతే ఈ ఫ్యాక్టర్ అంత నమ్మకమైన సాక్షి కాదు. క్షయలో, హెపటైటిస్ సిలో, ఏ జబ్బూ లేని కొందరు పెద్దవాళ్ళలో కూడా కనిపిస్తుంది. కీళ్ళవాతం ఉన్నవాళ్ళలో దాదాపు ముప్పై శాతం మందిలో కనిపించదు. ఆ ముప్పైలో అమ్మ ఉంది.

రెండో టెస్ట్ కథ ఇంకా నెమ్మది. 1964లో నెదర్లాండ్స్‌లో ఇద్దరు పరిశోధకులు, బుగ్గ లోపలి చర్మం నుంచి తీసిన కణాలకి ఈ రోగుల యాంటీబాడీలు అతుక్కోవడం చూశారు. దేనికి అతుక్కుంటున్నాయో తేలడానికి 1998 దాకా పట్టింది. సిట్రులిన్ అనే అమైనో ఆమ్లానికి. లాటిన్లో పుచ్చకాయ పేరు నుంచి వచ్చిన పేరు ఇది. మొదట దాన్ని వేరు చేసింది పుచ్చకాయ రసంలోంచే.

ఇది అమ్మకి చెప్పడం నా తప్పు. "పుచ్చకాయ మానెయ్యాలా అయితే?" అని కంగారుపడింది. అక్కర్లేదు. తినే సిట్రులిన్‌తో గొడవ లేదు. గొడవ మన ప్రోటీన్ల లోపల పుట్టేదానితో.

ఇక్కడే నేను చాలాసేపు ఆగిపోయాను. మన డీఎన్‌ఏలో సిట్రులిన్‌కి కోడ్ లేదు. ప్రోటీన్ అంతా రాసినట్టే తయారయ్యాక, ఒక ఎంజైమ్ వచ్చి అందులోని ఆర్జినిన్‌ని సిట్రులిన్‌గా మార్చేస్తుంది. మా భాషలో చెప్పాలంటే, సోర్స్‌లో ఎంత వెతికినా దొరకదు, ప్రోగ్రామ్ నడుస్తున్నప్పుడు జరిగిన మార్పు. ఆ మార్పు దానికదే తప్పేం కాదు. చర్మం గట్టిపడటానికి అది కావాలి. వాపు వచ్చిన చోటల్లా ఎవరిలోనైనా అది జరుగుతుంది. కొందరిలో మాత్రం, ముఖ్యంగా హెచ్‌ఎల్‌ఏ జన్యువుల్లో కొన్ని రకాలు ఉన్నవాళ్ళలో, రోగనిరోధక వ్యవస్థ ఆ మారిన ముక్కని చూసి "నువ్వెవరు?" అంటుంది. ఆ జన్యువులతో సిగరెట్ కూడా తోడైతే ప్రమాదం బాగా పెరుగుతుంది. అలా పుట్టిన యాంటీబాడీలు ఆ ముక్కలకి అతుక్కుంటాయి, ఆ గుంపుల్ని చూసి ఇతర కణాలు రెచ్చిపోయి వాపుని పెంచుతాయి, వాపు ఇంకొన్ని సిట్రులిన్లని తయారుచేస్తుంది. ఎగ్జిట్ కండిషన్ లేని లూప్.

*

ఇవన్నీ నేను తట్టుకున్నాను. తట్టుకోలేనిది 2004లో వచ్చిన ఒక డచ్ అధ్యయనం.

ఆమ్‌స్టర్‌డామ్‌లో బ్లడ్ బ్యాంక్‌కి రక్తం ఇచ్చినవాళ్ళలో 79 మందికి తర్వాతెప్పుడో కీళ్ళవాతం వచ్చింది. దాచి ఉంచిన వాళ్ళ పాత రక్తాన్ని బయటికి తీసి పరీక్షించారు. దాదాపు సగం మందిలో ఏ నొప్పీ మొదలవకముందే ఈ యాంటీబాడీలు ఉన్నాయి. మధ్యస్థంగా నాలుగున్నరేళ్ళ ముందు. కొందరిలో పదేళ్ళకి పైగా ముందు.

అమ్మ నొప్పి మొదలైన ఏడాది నుంచి నాలుగున్నరేళ్ళు వెనక్కి లెక్కేశాను. అక్క పెళ్ళి. ఆల్బమ్ తీశాను. ఒక ఫొటోలో అమ్మ తలంబ్రాల పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. తర్వాత కోయించుకోబోయే ఉంగరం వేలికి వదులుగా ఉంది. అప్పటికే ఆమె రక్తంలో అవి ఉండి ఉండొచ్చు. ఉండకపోనూవచ్చు. ఆ ఫొటోకి రిపోర్ట్ లేదు.

అప్పుడే ఒకటి అర్థమైంది. యాంటీబాడీ అంటే నొప్పి కాదు. ఏళ్ళ తరబడి అవి ఉండి కూడా ఏ బాధా లేనివాళ్ళున్నారు, వాళ్ళలో అందరికీ జబ్బు రాదు. యాంటీబాడీలు దొరకకుండానే చేతులు వంకర్లు పోయేవాళ్ళున్నారు. యాంటీ సీసీపీ పాజిటివ్ వస్తే చాలావరకు నమ్మొచ్చు, జబ్బు లేనివాళ్ళలో సుమారు 95 శాతం మందికి అది నెగెటివే వస్తుంది. కానీ జబ్బు ఉన్నవాళ్ళలో అది పట్టుకునేది మూడింట రెండొంతుల మందినే. మిగతావాళ్ళ దగ్గర ఏముంటుంది చూపించడానికి?

అలాంటి ఒకామెని చూశాను. అమ్మని రెండోసారి తీసుకెళ్ళినప్పుడు, మా ముందు పేషెంట్ ఇంకా గదిలోనే ఉంది. ముప్పై ఏళ్ళుంటాయేమో. భర్త రిపోర్టులు చూపిస్తూ "రెండు టెస్టులూ నెగెటివ్ కదా మేడం, మళ్ళీ ఇన్ని మందులెందుకు?" అంటున్నాడు. విసుగేం లేదు గొంతులో, నిజంగానే అడుగుతున్నాడు. డాక్టర్ ఆమె చేతిని టేబుల్ మీద పెట్టించి, "రిపోర్ట్ కాదండీ, ముందు ఇటు చూడండి" అన్నారు. అతను చూశాడు. నేనూ చూశాను. కణుపులు అమ్మవిలాగే ఉన్నాయి.

అమ్మకి 200 రాకపోయి ఉంటే? ఆ కాయితం లేకపోతే నేను ఇప్పటికీ క్యాల్షియం ఆర్డర్ పెడుతూనే ఉండేవాణ్ణి.

*

బంధువుల దగ్గర వేరే వివరణ ఉంది. "మీ అమ్మ అన్నీ మనసులోనే పెట్టుకుంటుంది, అందుకే ఒంట్లో తిరగబడింది" అంది మా పెద్దమ్మ. ఇంగ్లీషులో రాసేవాళ్ళు కూడా "శరీరం తనపై తానే చేసే యుద్ధం" అంటుంటారు. రెంటికీ తేడా లేదు. రెండిట్లోనూ రోగే నేరస్తురాలు.

పాల్ ఎర్లిక్ గత శతాబ్దం మొదట్లో ఒక మాట వాడాడు: హారర్ ఆటోటాక్సికస్. తనకి తాను విషమవడమంటే శరీరానికి భయం, అలా కాకుండా చూసుకునే ఏర్పాటు దానికుంది అన్నాడు. తర్వాతివాళ్ళు ఆ మాటని "అలా జరగనే జరగదు" అని చదువుకున్నారు. దాదాపు 1950ల దాకా ఆటోఇమ్యూన్ జబ్బులన్న ఆలోచన వెనకబడిపోవడానికి ఆ చదువు కూడా ఒక కారణం. ఒక ఊహ నచ్చితే కళ్ళముందున్నది కూడా కనపడదు. ఆ విషయంలో మా ఇల్లు పెద్ద పెద్ద ల్యాబులకేం తీసిపోలేదు.

మందు మొదలైంది. మెథోట్రెక్సేట్, వారానికి ఒక్కసారి. రోజూ వేసుకుంటే ప్రాణం మీదకొస్తుందని డాక్టర్ మూడుసార్లు చెప్పి, "ఆదివారం" అని పెద్ద అక్షరాలతో రాసిచ్చారు. వేరే రోజు ఫోలిక్ యాసిడ్. ఫోలిక్ యాసిడ్ పనికి అడ్డుపడటమే మెథోట్రెక్సేట్ చేసేది, ఆ అడ్డు వల్ల వచ్చే ఇబ్బందులు తగ్గించడానికి ఫోలిక్ యాసిడే మళ్ళీ. ఈ రెండూ 1940లలో అమెరికాలో లెడర్లీ ల్యాబ్‌లో యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలో తయారైనవే. ఆయన 1948లో పోయారు. అప్పటికి అది క్యాన్సర్ మందు. కీళ్ళవాతానికి అమెరికా అధికారికంగా ఒప్పుకున్నది 1988లో.

"భీమవరంలో పుట్టాయనా?" అంది అమ్మ బిళ్ళని అరచేతిలో అటూ ఇటూ తిప్పి చూస్తూ. మాకు పక్క ఊరే కదా.

*

నాకు ముప్పై నాలుగు. ఈ మధ్య పొద్దున్న కీబోర్డ్ మీద చేతులు పెడితే వేళ్ళు బిగుసుకున్నట్టుంది. ఉందో, ఇదంతా చదవడం వల్ల అనిపిస్తోందో. నేనూ యాంటీ సీసీపీ చేయించుకుంటానని డాక్టర్‌ని అడిగాను. ఆవిడ నా చేతులు చూశారు. వాపు లేదు.

"పాజిటివ్ వచ్చిందే అనుకోండి, ఏం చేస్తారు?" అన్నారు.

ముందుగానే మందు ఇచ్చి చూస్తున్నారని చదివాను అన్నాను. 2024లో లాన్సెట్‌లో వచ్చిన రెండు అధ్యయనాల్లో, కీళ్ళనొప్పులు మొదలై యాంటీబాడీలు ఉన్నవాళ్ళకి అబాటాసెప్ట్ ఇస్తే జబ్బు వెనక్కి జరిగింది.

"జరిగింది, పోలేదు. వాళ్ళకి నొప్పులున్నాయి, మీకు లేవు" అన్నారు. తర్వాత "సిగరెట్ తాగుతారా?" అని అడిగారు.

అప్పుడప్పుడు అన్నాను.

"అది మానెయ్యండి. దానికి టెస్ట్ అక్కర్లేదు."

టెస్ట్ చేయించుకోలేదు. సిగరెట్ మానేసి నాలుగు నెలలైంది.

ఇప్పుడు రోజూ ఎనిమిదింటికి అమ్మకి ఫోన్ చేస్తాను. "ఎలా ఉంది?" అని అడగడం మానేశాను, దానికి "బానే ఉన్నా" తప్ప వేరే జవాబు రాదు. "ఇవాళ ఎంతసేపు?" అని అడుగుతాను. మొదట్లో పేపర్ అయ్యేదాకా అనేది. మధ్యలో ఒక వారం మళ్ళీ స్నానం దాకా వెళ్ళింది, డాక్టర్‌కి చెప్తే డోస్ మార్చారు.

నిన్న అడిగితే "మీ నాన్న కాఫీ ఒకటి. అదీ సగమే" అంది.