స్ట్రోజీ వారి మేడయు గులాబిపూల గుత్తియు

ఇటలీ దేశమందలి ఫ్లారెన్సు నగరమున స్ట్రోజీ వంశమువారి మేడ యొకటి కలదు. నేను దానిని కన్నులార చూచినవాడను గాను. గ్రంథములయందును చిత్రపటములయందును మాత్రమే చూచితిని. అయినను చరిత్రపాఠము చెప్పునపుడు నా మనస్సు పలుమారు ఆ వాకిట నిలుచును.

ఫిలిప్పో స్ట్రోజీ బాలుడుగా నుండగనే, 1434లో, మెడిచీ వంశమువారి పగచే అతని తండ్రి దేశభ్రష్టుడయ్యెను. కుమారుడు పెద్దవాడై నేపుల్సు నగరమున సాహుకారు వ్యాపారముచే మిక్కిలి ధనము గడించి, 1466లో స్వస్థలమునకు మరలివచ్చెను. చుట్టుపట్ల నుండిన యిండ్లను కొని, 1489 ఆగష్టు 6వ తేదీని, జ్యోతిష్కులు పెట్టిన ముహూర్తమున మేడకు పునాది వేయించెను.

ఆ మేడ మూడంతస్తులది. క్రిందిరాళ్లు గరుకుగా ముందుకు ఉబ్బియుండును. పైకి పోయినకొలది చదునగును. వీధినుండి చూచువారికి కోటవలె తోచును గాని, లోపల మన మండువా యిండ్లయందువలె ఆకాశము కనబడు ముంగిలియు, దానిచుట్టు కమానుల వసారాయును గలవు. గోడమూలలకు ఇనుపదీపములు చేసిన కమ్మరి, ముందుగా బయానా పుచ్చుకొననిదే పనిముట్టు పట్టడట! అందుచే బయానా అను అర్థముగల 'కపార్రా' యనుపేరే అతనికి నిలిచిపోయెను.

ఫిలిప్పో 1491లో మరణించెను. మేడ పూర్తి చేయవలసినదని కుమారులకు మరణశాసనమున వ్రాసెను. 1538లో ప్రభువు దానిని జప్తు చేసెను. ముప్పది యేండ్లకు గాని అది వంశమువారికి తిరిగి రాలేదు. 1937లో వారు దానిని విక్రయించిరి. పైయంచున చుట్టవలసిన రాతిచూరు నేటికిని అసంపూర్తిగనే యున్నది. ఇప్పుడు లోపల చిత్రకళా ప్రదర్శనములు జరుగుచున్నవి.

పునాది వేసిననాడు త్రిబాల్డో దె రోస్సీ యను సామాన్య గృహస్థుడు ఆ దారిని పోవుచు నిలిచి, ఒక పాతనాణెమును పునాదిలో వేసెను. అంతట ఇంటికి కబురంపి తన పిల్లలను రప్పించెను. చిన్నికుమారుడు చేతనున్న గులాబిపూల గుత్తిని ఆ గోతిలో విడిచెను. ఈ దినమును మరువకుమని తండ్రి వానికి చెప్పి, ఆ సంగతిని తన యింటిపుస్తకమున వ్రాసికొనెను.

బిడ్డలారా, బడిపంతులనైన నాకు పిల్లల కీయదగిన మేడ లేదు. ఆ కొరత నన్ను చాలకాలము బాధించెను. త్రిబాల్డో వ్రాసిన నాలుగు పంక్తులను గూర్చి చదివినది మొదలు ఆ బాధ కొంత తగ్గినది. మొన్న మన పాఠశాలలో క్రొత్తగదికి పునాది త్రవ్వుచుండగా, నా చిన్నవానిని చేయిపట్టి తీసికొనిపోయి, వానిచేత ఒక రాయి వేయించితిని.