పాత బల్బు

అనంతపురం పల్లెల్లో ఒకప్పుడు మోటార్లకు కరెంటు ఎక్కువగా రాత్రిళ్లే వచ్చేది. శెనక్కాయ చేను తడపాలంటే టార్చిలైటు పట్టుకుని గట్టు మీద నడవాల్సిందే. ఓ రైతు, వెలుగు చాల్లేదని రెండు సెల్లుల టార్చికి బల్బు మార్చాడు. పాతది 0.3 ఆంపియర్లది, కొత్తది 0.5. వోల్టులు రెండింటికీ 2.5 గదా అనుకున్నాడు. గట్టంతా పట్టపగలైంది!

రెసిస్టెన్స్ తక్కువున్న బల్బు కరెంటు ఎక్కువ లాగుతుంది. అంత లాగితే సెల్లు లెక్కకన్నా ముందే డీలా పడుతుంది. ఇదంతా అంగట్లో చెప్పేదెవరు?

బోరు ఇరవై అడుగులుందనగా వెలుగు ఎర్రబడి ఆరిపోయింది. కట్లపాములు తిరిగే వేళ. చెప్పులతో నేల తాటిస్తూ అక్కడే నిలబడ్డాడు. తూరుపు తెల్లబడేసరికి త్రీఫేజు పోయింది. చేను తడవలేదు.

"అన్నా, ఆ 0.3 బల్బే ఇయ్యి" అన్నాడు మర్నాడు.