పద్దులో రాయని వడ్డీ

నేను పొదుపరినని బందరులో మా వీధిలో పేరు. పీనాసి అన్నవాళ్ళూ ఉన్నారు, అది వేరే సంగతి. కాపురం బందరులో, ఉద్యోగం గుడివాడలో. పాసింజరు బండి, సీజను టిక్కెట్టు, మధ్యాహ్నానికి ఇంటి క్యారేజీ. స్టేషనుకు ఎండైనా వానైనా నడకే. పొద్దు వాలాక రైతుబజారుకు వెళ్తే, మిగిలిన సరుకు ఇంటికి మోసుకెళ్ళలేక తగ్గించి ఇచ్చేస్తారని నాకు తెలుసు. అలా తెచ్చిన వంకాయల్లో సగం పుచ్చులేనని మా ఆవిడకు తెలుసు. రాత్రి పడుకునే ముందు అగ్గిపెట్టెతో సహా పద్దు పుస్తకంలో రాసుకునేవాణ్ణి. నెలాఖరుకు లెక్క రూపాయి తేడా లేకుండా సరిపోతే, పరీక్ష పాసైనంత సంతోషం.

2012 కార్తీకంలో మా పెద్దమ్మాయి పెళ్ళి చేశాం. పెళ్ళికొడుకు వాళ్ళది గుడివాడ అవతల, ముదినేపల్లి వైపు. చేపల చెరువులున్న కుటుంబం. వాళ్ళు మమ్మల్ని ఏమీ అడగలేదు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఆడపిల్ల తండ్రి అప్పులపాలయ్యాడనగానే తప్పు అవతలివాళ్ళదేనని అందరూ అనుకుంటారు. మా విషయంలో అది నిజం కాదు. వాళ్ళ బంధువుల్లో ఒకావిడ నిశ్చితార్థానికి వడ్డాణం పెట్టుకుని వచ్చింది. అది నా కంట్లో పడింది. మా అమ్మాయి పెళ్ళిపీటల మీద అలాంటిది లేకుండా కూర్చుంటే, "గుమాస్తా కూతురు కదా" అనుకుంటారేమోనని నా మనసులో పడింది. ఎవరూ అనలేదు. నేనే అనుకున్నాను.

"ఒక్కరోజు ముచ్చటకి ఎందుకు నాన్నా, చిలకలపూడిలో తెద్దాం" అంది అమ్మాయి.

చిలకలపూడి అంటే నేను రోజూ బండిలో దాటే స్టేషనే. బందరులో బండి కదిలిందో లేదో అది వచ్చేస్తుంది. ఆ తరవాతే పెడన, కవుతరం, గుడ్లవల్లేరు. రోల్డ్ గోల్డ్ నగలకు పుట్టిల్లు ఆ ఊరు. వెనకటి పనివాళ్ళు రాగి మీద పల్చటి బంగారు రేకు అతికించి, కాల్చి, సాగదీసి నగ చేసేవారు. ఇప్పుడు చాలావరకు పూతే. ఒక ఇంట్లో తీగ లాగుతారు, ఇంకో ఇంట్లో రాళ్ళు పొదుగుతారు, మరో చోట మెరుగు పెడతారు. ఇదే పని కోసం బందరు పక్కన పోతేపల్లిలో నగల పార్కు కూడా పెట్టారు. నాట్యం చేసేవాళ్ళూ, నాటకాలవాళ్ళూ, సినిమాలవాళ్ళూ ఎక్కడెక్కడినుంచో తెప్పించుకునే సరుకు అది. ఆ రోజుల్లో నాలుగైదు వేలు పెడితే కళ్ళు చెదిరే వడ్డాణం వచ్చేది. కానీ మన జిల్లాలో "చిలకలపూడి బంగారం" అనేది ఒక ఎగతాళి మాట. పక్కింట్లో తయారయ్యే వస్తువుకు మన దగ్గరే విలువ లేదు. నేనూ ఆ బాపతే. "మన పరువేం కాను!" అన్నాను.

మా మావగారిది దివిసీమ, నాగాయలంక దగ్గర పల్లె. ఆయన ఒక్క మాటే అడిగారు: "ఎన్నిసార్లు పెట్టుకుంటుంది అల్లుడు గారూ?" నాకు కోపం వచ్చింది. గొడుగుకు అతుకులు వేయించుకుని వాడే మనిషి, ఆయనకేం తెలుసు అనుకున్నాను. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో ఆయన ఇల్లు, గొడ్లు, అయినవాళ్ళు కొందరు పోయారు. సర్కారు లెక్క ప్రకారమే ఆ రాత్రి పదివేల మంది దాకా చనిపోయారు. మళ్ళీ నిలదొక్కుకున్నాక ఆయన చేతికి డబ్బు వచ్చిన ప్రతిసారీ ఇంటి మీదే పెట్టారు. చుట్టూ తాటాకు కొంపలున్నప్పుడే స్లాబు వేశారు, మెట్లు బయటి నుంచి పెట్టించారు, గాలివాన వస్తే పక్కవాళ్ళు కూడా పైకి ఎక్కడానికి. చెప్పులు తెగితే కుట్టించుకునే మనిషి ఆ స్లాబు ఇనుము దగ్గర బేరమాడలేదట. ఆయనకు ఖర్చు పెట్టాల్సిన చోటు ఒకటుంది. మిగతాచోట్ల చెయ్యి బిగపట్టింది దాని కోసం. నేను మిగల్చడమైతే మిగిల్చాను గానీ, దేనికి అని ఎప్పుడూ అనుకోలేదు.

ఆయన అప్పు చేయలేదని కాదు. డెల్టాలో అప్పు లేని రైతు ఎవరు? కానీ తెచ్చేది సొసైటీలో పంట రుణం. 2012 నాటికి లక్షలోపు పంట రుణం గడువులో కడితే వడ్డీ లేదు. వరి కోతకు ముందే చేలో మినుములు చల్లేవారు. దున్నకం లేదు, నీళ్ళు పెట్టేది లేదు, నేలలో మిగిలిన తడితోనే పండాలి. ఆ మినుములు అమ్మిన డబ్బు ఇంటికి రాకముందే సొసైటీకి వెళ్ళేది.

నేనేం చేశాను? పి.ఎఫ్.లో తీయగలిగింది పెళ్ళి ఖర్చులకే అయిపోయింది. వడ్డాణానికి అప్పు కావాలి. బ్యాంకుకు వెళ్ళలేదు. భోగరాజు పట్టాభి సీతారామయ్య లక్ష రూపాయల మూలధనంతో 1923లో ఆంధ్రా బ్యాంకు పెట్టిన ఊరు మాది. అంతకు ముందే, 1915లో, కృష్ణా సహకార బ్యాంకు వెలిసిన ఊరు. వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కకుండా జనానికి ఇంకో దారి ఉండాలని ఆ పెద్దలు అంత తాపత్రయపడితే, కౌంటరు వెనక కూర్చున్నవాళ్ళు తెలిసినవాళ్ళని, అప్పు సంగతి ఊరంతా తెలుస్తుందని నేను సిగ్గుపడి, గుట్టుగా ఇచ్చే మనిషి దగ్గరికి వెళ్ళి ప్రోనోటు రాశాను. మూడు లక్షలు. నూటికి రెండు రూపాయల వడ్డీ.

నూటికి రెండు అంటే చిన్నదిగా వినిపిస్తుంది. నెలకు ఆరు వేలు. స్టేషనుకు రానూ పోనూ ఆటోకు ఇరవై రూపాయలు అనుకుంటే, ఏడాదిలో ఆఫీసుకు వెళ్ళే మూడు వందల రోజులకు ఆరు వేలు. ఏడాది పొడుగునా నేను నడిచి మిగిల్చింది అక్కడ ఒక్క నెల వడ్డీ.

ఈ లెక్క నాకు అప్పట్లో తట్టలేదు. ఎందుకు తట్టలేదో చెప్పడానికి ఇప్పటికీ మొహం చెల్లదు. జీతం అందగానే ఆరు వేలు కవరులో పెట్టి ఇచ్చి వచ్చి, చేతిలో మిగిలినదాన్నే ఆ నెల ఆదాయంగా పద్దులో రాసుకునేవాణ్ణి. వడ్డీ అన్న మాట ఆ పుస్తకంలో ఎక్కడా లేదు. అందుకే ప్రతి నెలా లెక్క సరిపోయేది. అసలు వడ్డాణం కొన్నది కూడా ఆ చిన్న పొదుపుల ధీమాతోనే. ఇన్నేళ్ళు ఇంత జాగ్రత్తగా ఉన్నవాణ్ణి, ఒక్కసారి ఖర్చు పెట్టకూడదా అని నాకు నేనే అనుమతి ఇచ్చుకున్నాను. రెండు రూపాయల కొత్తిమీర దగ్గర నిలబడి వాదించినవాణ్ణి నగల కొట్టులో ఏసీ కింద కూర్చుని, వాళ్ళిచ్చిన కూల్ డ్రింకు తాగుతూ, తరుగు ఎంత, మజూరీ ఎంత అని అడగడానికి మొహమాటపడ్డాను. పక్కన వియ్యపురాలు గారుంది మరి.

వడ్డాణం 3,25,000 అయింది. అమ్మాయి దాన్ని పెళ్ళిరోజు పెట్టుకుంది. ఆ తరవాత అది బ్యాంకు లాకర్లో ఉంది, దానికి అద్దె వేరే. 2015లో అసలు తీర్చే దారి కనబడక నేను నలుగుతుంటే, అమ్మాయే "అమ్మేయండి నాన్నా" అంది. కొన్నప్పుడు రాళ్ళను కూడా బంగారం తూకంలో వేశారు. అమ్మేటప్పుడు రాళ్ళు తీసి తూచారు. దానికి తోడు 2012 చివర్లో 10 గ్రాములు 31 వేల దాకా ఉన్న మేలిమి బంగారం అప్పటికి పాతికవేల చిల్లరకు దిగింది. చేతికి వచ్చింది 2,15,000. అప్పటికే కట్టిన వడ్డీ 1,98,000. పోయినదంతా కలిపితే మూడు లక్షలు దాటింది.

2025 ఏప్రిల్లో బంగారం ధర చూసి, "ఉంచుకుని ఉంటే బాగుపడేవాడివి" అన్నారు స్నేహితులు. అప్పుడు 10 గ్రాములు లక్ష దాటింది, నిజమే. 31 వేలు లక్షయితే మూడింతల చిల్లర. అదే కాలానికి నూటికి రెండు చొప్పున, చక్రవడ్డీ వేయకుండా లెక్క కట్టినా, అసలూ వడ్డీ కలిపి నాలుగింతలవుతుంది. సొంత డబ్బుతో కొన్నవాళ్ళ సంగతి వేరు. అప్పు చేసి కొన్నవాణ్ణి అంత పెరిగిన బంగారం కూడా ఒడ్డెక్కించలేదు.

ఇదంతా పాతకాలం గోల అనుకోకండి. మా అబ్బాయి హైదరాబాదులో ఉద్యోగం. ఆఫర్లు వెతికి, కూపన్లు వాడి, డెలివరీ చార్జీ నలభై రూపాయలు తప్పించుకున్నానని గొప్పగా చెబుతాడు. అచ్చం నాలాగే. వాడి క్రెడిట్ కార్డు బిల్లు ఒకసారి చూశాను. కనీస మొత్తం మాత్రమే కడుతూ వస్తున్నాడు. మిగిలినదాని మీద నెలకు మూడున్నర శాతం. మన లెక్కలో అది నూటికి మూడున్నర రూపాయల వడ్డీ. ప్రోనోటు రాయించుకున్న మనిషి కూడా నన్ను అంత అడగలేదు. ఏడాదికి 30 శాతం దాటకూడదని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ ఇచ్చిన తీర్పును సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో కొట్టేసింది. ఇక మన జాగ్రత్తలో మనం ఉండాలి. దేశంలో క్రెడిట్ కార్డులు మొదట తెచ్చిన బ్యాంకుల్లో మన ఆంధ్రా బ్యాంకు ఒకటి, 1981లో. ఆ బ్యాంకు పేరు 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. కార్డు మాత్రం ఇంటింటికీ వచ్చింది.

నేను ఇప్పటికీ నడుస్తాను, సాయంత్రమే కూరగాయలు తెస్తాను. అందులో తప్పేమీ కనిపించలేదు, పుచ్చు వంకాయలు తప్ప. మీకూ పద్దు రాసే అలవాటు ఉంటే ఒక్క పని చేయండి. ఈ నెల జీతం రాసిన వెంటనే, దాని కింద మొదటి వరుసలో వడ్డీ రాయండి. బ్యాంకుదైనా, ప్రోనోటుదైనా, కార్డుదైనా, నూటికి నెలకు ఎన్ని రూపాయలో లెక్కగట్టి, ఇంట్లో అందరికీ కనబడేలా రాయండి.