టామీ... ఛలో అమెరికా!

పిల్లల దగ్గరికని పెద్దవాళ్లు విమానం ఎక్కడం డెల్టా ఊళ్లలో మామూలైపోయింది. పాస్‌పోర్టు, వీసా, ఆవకాయ జాడీ... అన్నీ సర్దేస్తారు. మరి గుమ్మంలో తోక ఊపుకుంటూ నిలబడ్డ కుక్కపిల్ల మాటేమిటి? దాన్నీ తీసుకెళ్లొచ్చు. కాకపోతే దానికి కావాల్సిన కాగితాలు మనిషి కాగితాలకంటే తక్కువేం కాదు!

రేపల్లె స్టేషన్లో రైలుపట్టాలు అయిపోతాయి. అదే ఆఖరు. ఆపైన రోడ్డు పట్టుకుని వెళితే పెనుమూడి, కృష్ణమ్మ, వారధి దాటితే దివిసీమ. రైలుకి చివరి ఊరైనా ప్రయాణాలకి మాత్రం ఇది మొదటి ఊరే. చదువులకని, ఉద్యోగాలకని ఇక్కడ రైలెక్కిన పిల్లలు ఎందరో డాలస్‌లో, లండన్‌లో, మెల్‌బోర్న్‌లో స్థిరపడ్డారు. ఆదివారం ఉదయం ఫోను మోగితే చాలా ఇళ్లలో ఇవే మాటలు.

'అమ్మా, ఇంక ఇల్లు తాళం వేసేసి నువ్వూ నాన్నా ఇక్కడికే వచ్చెయ్యండి.'

'వస్తాం గానీ... మరి టామీగాడో?'

అవతల కాసేపు మాట ఉండదు. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. పిల్లలు రెక్కలొచ్చి వెళ్లిపోయాక ఆ ఇంట్లో అలికిడి అంటూ ఉందంటే అది టామీ వల్లే. పొద్దున పాలవాడొచ్చాడని చెప్పేది అదే. రాత్రి గేటు వేశారా లేదా అని చూసేదీ అదే. దాన్నెవరికో ఇచ్చేసి వెళ్లిపోవాలంటే కాళ్లాడవు.

తెనాలిలో మొదటి మజిలీ

రేపల్లె నుంచి తెనాలి గంటా గంటన్నర ప్రయాణం. దారి పొడవునా వరిచేలు, కాలువగట్లు, అరటితోటలు. మూడు కాలువల తెనాలి పేరు చెబితే పెంపుడు జంతువుల్లో ముందు గుర్తొచ్చేది రామలింగడి పిల్లే. రాయలవారు పెంచమని ఇచ్చిన పిల్లికి వేడి వేడి పాలు పెట్టి మూతి కాల్చాడట. ఆనక పాలు చూస్తేనే అది పరుగు లంకించుకుంది. పరీక్ష రోజున రాయలవారు ఎగాదిగా చూసి, సంగతి కనిపెట్టేశాడని కథ. పెంపుడు జంతువుని విదేశానికి తీసుకెళ్లే వ్యవహారం కూడా అలాంటి పరీక్షే. 'మా టామీ చాలా ఆరోగ్యంగా ఉందండీ' అంటే అధికారులు వినరు. దాని ఒంట్లో ఏముందో కాగితం చెప్పాలి, ఆ కాగితం ఈ కుక్కదేనని చిప్పు చెప్పాలి.

ఆ చిప్పు ఎంత ఉంటుంది? డెల్టా రైతుకి బాగా తెలిసిన కొలతే... వడ్లగింజంత! దాన్ని పశువైద్యుడు సూదితో మెడ దగ్గర చర్మం కింద పెడతాడు. అందులో 15 అంకెల నంబరు ఉంటుంది. రీడరు దగ్గర పెడితే ఆ నంబరు కనిపిస్తుంది. అంతర్జాతీయ ఐఎస్ఓ ప్రమాణాలకు సరిపోయే చిప్పే పెట్టించాలి.

చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ముందు చిప్పు, తర్వాత రేబిస్ టీకా... ఇదీ వరస. చిప్పు లేకుండా వేయించిన టీకా ఏ కుక్కకు వేశారో రుజువు లేదు కాబట్టి లెక్కలోకి రాదు. ఏటా తప్పకుండా టీకాలు వేయిస్తున్నా సరే, చిప్పు పెట్టించాక మళ్లీ వేయించాల్సిందే. కుక్కపిల్లకైతే పన్నెండు వారాలు నిండాకే ఆ టీకా.

ఒక్క జబ్బుకే ఇంత హడావుడా?

అవును, ఆ ఒక్క జబ్బు కోసమే. పిచ్చికుక్క కరిచి, లక్షణాలు బయటపడ్డాక రేబిస్ నుంచి మనిషి బతికి బయటపడటం దాదాపు అసాధ్యం. లూయీ పాశ్చర్ 1885లో ఒక కుర్రాడికి మొదటిసారి టీకా ఇచ్చి కాపాడిన నాటి నుంచి నివారణ మార్గం మాత్రం చేతిలో ఉంది. కొన్ని దేశాలు తమ గడ్డ మీద కుక్కల రేబిస్‌ను పూర్తిగా తుడిచిపెట్టాయి. మన దగ్గర అదింకా ఉంది. అందుకే భారతదేశం నుంచి వచ్చే కుక్క అంటే వాళ్లు ఒకటికి రెండుసార్లు చూస్తారు.

టీకా వేశారు సరే, అది పట్టిందా? తేల్చేది రక్తపరీక్ష. టీకా వేశాక కనీసం 30 రోజులు ఆగి రక్తం తీస్తారు. బ్రిటన్‌కైతే అందులో రేబిస్ ప్రతిరక్షకాలు మిల్లీలీటరుకు 0.5 యూనిట్లు, అంతకు మించి ఉండాలి. పరీక్ష ఎక్కడ పడితే అక్కడ చేయిస్తే చెల్లదు. వెళ్లే దేశం ఆమోదించిన ల్యాబ్‌ల జాబితాలో అది ఉండాలి.

అక్కడి నుంచి దేశాన్ని బట్టి లెక్క మారుతుంది. అమెరికా 2024 ఆగస్టు 1 నుంచి కొత్త నిబంధనలు అమల్లోకి తెచ్చింది. కుక్కకు ఆరు నెలలు నిండాలి. చిప్పు ఉండాలి. సీడీసీ దిగుమతి ఫారం నింపి రసీదు దగ్గర పెట్టుకోవాలి. రేబిస్ ముప్పు ఎక్కువున్న దేశాల జాబితాలో మనమూ ఉన్నాం కాబట్టి ఇక్కడ టీకా వేయించుకున్న కుక్కకు ఇంకొన్ని షరతులు. టీకా, చిప్పు వివరాల పత్రం మీద ప్రభుత్వ పశువైద్యాధికారి ధ్రువీకరణ కావాలి. రక్తం తీశాక కనీసం 28 రోజులు గడవాలి. సీడీసీ దగ్గర నమోదైన సంరక్షణ కేంద్రంలో ముందే చోటు రిజర్వు చేసుకుని, ఆ కేంద్రం ఉన్న విమానాశ్రయంలోనే దిగాలి. న్యూయార్క్, అట్లాంటా, లాస్ ఏంజెలెస్ లాంటి కొద్ది చోట్లే ఆ వసతి ఉంది. రక్తపరీక్ష ఫలితం లేకుండా వెళితే 28 రోజుల క్వారంటైన్ తప్పదు. ఆ ఖర్చంతా యజమానిదే. పిల్లికి మాత్రం సీడీసీ రేబిస్ టీకా పత్రం అడగదు. రామలింగడి పిల్లిదే అదృష్టం!

బ్రిటన్‌కైతే రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు ఆగాలి. ప్రయాణానికి ముందు కుక్కకు బద్దెపురుగుల మందు కూడా వేయించాలి. ఆస్ట్రేలియా మరీ కఠినం. మనదేశం నుంచి నేరుగా కుక్కనీ పిల్లినీ రానివ్వదు. వాళ్లు ఆమోదించిన మరో దేశం మీదుగానే వెళ్లాలి. దిగాక మెల్‌బోర్న్ దగ్గరి మికల్‌హమ్‌లో కనీసం పది రోజులు క్వారంటైన్.

చిలక కోసం ఆశపడేవాళ్లకి ఒక మాట. మన రామచిలకను పంజరంలో పెంచడమే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఇక విమానం మాట ఎత్తకపోవడమే మంచిది.

బాపట్ల మీదుగా... ఒంగోలు గిత్త బాటలో

కాగితాలన్నీ అమిరాక ఆఖరి ముద్ర కేంద్ర ప్రభుత్వ జంతు క్వారంటైన్, ధ్రువీకరణ సేవా విభాగానిది. దీని కేంద్రాలు ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, బెంగళూరు, హైదరాబాద్‌లలో ఉన్నాయి. తెనాలివాళ్లు హైదరాబాద్ వెళ్లినా సరే, చెన్నై వెళ్లినా సరే.

చెన్నై రైలెక్కితే చుండూరు, నిడుబ్రోలు దాటి బాపట్ల వస్తుంది. భావనారాయణస్వామి గుడి, 1945లో మొదలైన వ్యవసాయ కళాశాల, కాస్త దూరంలో సూర్యలంక సముద్రం. రైల్లో కుక్కను తీసుకెళ్లాలంటే ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం మన పేరనే ఉండాలి. లేదంటే బ్రేక్‌వ్యాన్‌లోని డాగ్ బాక్సే గతి. స్లీపర్లో, థర్డ్ ఏసీలో ఒళ్లో కూర్చోబెట్టుకుంటామంటే కుదరదు.

చీరాల దాటాక, ఒంగోలుకు ముందు కరవది అనే చిన్న స్టేషను వస్తుంది. ఈ దారిన పరదేశం వెళ్లిన జీవాల్లో టామీ మొదటిది కాదని చెప్పే ఊరు అది. బ్రెజిల్ పశుపోషకుడు టోరెస్ హోమెమ్ రోడ్రిగ్స్ డ కున్యా 1960ల మొదట్లో ఇటునుంచి తీసుకెళ్లిన ఒంగోలు గిత్తల్లో ఒకదాని పేరు 'కర్వాది'... ఈ ఊరి పేరే. 1962లో అలా వెళ్లిన పశువులను నేరుగా బ్రెజిల్ నేల మీద అడుగుపెట్టనివ్వలేదు. అట్లాంటిక్ మధ్యలోని ఫెర్నాండో డి నొరోన్యా దీవిలో ముందు క్వారంటైన్లో ఉంచారు. రోగం లేదని తేలాకే లోపలికి రానిచ్చారు. ఇవాళ బ్రెజిల్ గోసంపదలో సింహభాగం నెల్లూరు పేరు పెట్టుకున్న 'నెలోర్' జాతిదే. అంత గొప్ప గిత్తకే తప్పని నిరీక్షణ టామీకి మాత్రం ఎలా తప్పుతుంది?

చెన్నైలోనో హైదరాబాద్‌లోనో అధికారులు జంతువును స్వయంగా చూసి, చిప్పు నంబరు, టీకా పత్రాలు సరిపోల్చుకుని ఆరోగ్య ధ్రువపత్రం ఇస్తారు. ఇది ప్రయాణానికి కొద్దిరోజుల ముందు చేసే పని. ఇక బోను. లోపల కుక్క నిలబడగలగాలి, వెనక్కి తిరగగలగాలి, హాయిగా పడుకోగలగాలి. నెల ముందు నుంచే అందులో అన్నం పెట్టి అలవాటు చేస్తే ప్రయాణంలో బెదరదు. నిద్రమాత్ర ఇచ్చి పంపుదామనుకోవద్దు. గాల్లో అది ప్రాణం మీదకి తెస్తుంది. 2003లో హచ్ ప్రకటన చూసి ఇంటింటా ముద్దుచేసిన పగ్ లాంటి చప్పిడిముక్కు కుక్కలకు ఊపిరి ఇబ్బంది ఎక్కువ. చాలా విమాన సంస్థలు వాటిని కార్గోలో ఎక్కించుకోవు. టికెట్టు కొనేముందే అడగాలి.

తీసుకెళ్లడమా... వదిలి వెళ్లడమా?

అన్నీ లెక్కేస్తే ఎటు వెళ్లినా నెలల ముందే మొదలుపెట్టాల్సిన పని ఇది. శాశ్వతంగా వెళ్లేవాళ్లు ఆ శ్రమ పడటంలో అర్థముంది. ఆరు నెలలు ఉండి వచ్చే అమ్మానాన్నల సంగతి వేరు. తిరిగొచ్చేటప్పుడు మనదేశంలోకి తేవడానికీ ముందస్తు అనుమతి కావాలి. పదేళ్ల ముసలికుక్కని బోనులో కూర్చోబెట్టి రెండు విమానాలు మార్చడం ప్రేమో, మన బెంగ తీర్చుకోవడమో ఒకసారి ఆలోచించుకోవాలి. ముందుగా పశువైద్యుడికి చూపించి ఆయన చెప్పింది వినడం మేలు.

అలాంటప్పుడు పక్కింటివాళ్లే దిక్కు. డెల్టా ఊళ్లలో ఇప్పటికీ ఆ చుట్టరికం మిగిలే ఉంది. 'మీరెళ్లి రండి పిన్నిగారూ, మా అరుగు మీదే పడుంటుంది, రెండు ముద్దలు పెట్టలేమా' అనే గొంతు ఒకటి ఏదో ఒక గోడ అవతల ఉంటుంది. టీకా పుస్తకం, పశువైద్యుడి నంబరు, మందుల ఖర్చు వాళ్ల చేతిలో పెట్టి వెళ్లాలి.

ఆ తర్వాత ఆదివారం ఫోను అటు నుంచి ఇటు మోగుతుంది. వీడియోలో అమ్మ 'ఒరేయ్ టామీ' అని పిలుస్తుంది. రేపల్లెలో అరుగు మీద పడుకున్నది దిగ్గున లేచి, ఫోను వైపు చూడకుండా వీధి గేటు వైపు పరుగెడుతుంది.