నిద్ర గోలీ

2015 సెప్టెంబరు. మాదాపూర్ వైపు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో జనరల్ వార్డు నైట్ డ్యూటీ నాది. పదిన్నర దాటితే చాలు, "సిస్టర్, నిద్ర రావట్లేదు, టాబ్లెట్ ఇవ్వండి" మొదలు. ఐటీ కుర్రాళ్లయితే అల్ప్రాక్స్ పాయింట్ టూ ఫైవ్ అని పేరూ డోసూ చెప్పి మరీ అడిగేవాళ్లు. ఏళ్ల తరబడి అమెరికా షిఫ్టు చేసినవాళ్లని పదింటికే పడుకోమంటే ఎలా పడుకుంటారు?

ఇన్‌చార్జి సిస్టర్‌కి కేస్‌షీట్‌లో ఎస్‌ఓఎస్ (అవసరమైతేనే ఇవ్వాలి) అని ఉంటే చాలు, రౌండ్స్‌లోనే ఇచ్చేసేది. వార్డంతటికీ ఇద్దరమే, రోగులు పడుకుంటేనే పని సాగేది. ఆమెను తప్పుపట్టలేను. నేను మాత్రం ముసలివాళ్లకి ఇవ్వాలంటే జంకేదాన్ని. మత్తులో బాత్‌రూమ్‌కి లేచి పడితే తుంటి విరుగుతుంది. కొందరు ఎక్కడున్నారో తెలియక సెలైన్ పీకేస్తారు. అయినా రెండింటికి బీపీ అంటూ లేపేదీ, ఐదింటికి రక్తం కోసం లైటు వేసేదీ మేమే కదా!

ఆ నెలలోనే పాలమూరు తాత ఒకాయన కాలు విరిగి చేరాడు. కొండాపూర్‌లో వాచ్‌మన్. రెండో రాత్రి పిలిచాడు.

"నిద్ర పడ్తలేదు బిడ్డా, గోలీ ఇయ్యరాదు."

చేతులు వణుకుతున్నాయి. చెమటకి దిండు తడిసింది. దుప్పటి మీద లేని పురుగుల్ని ఏరి కింద పడేస్తున్నాడు.

"తాతా, కల్లు తాగుతవా?"

"దినాం తాగుత. ఈడికొచ్చినంక యాడిది?"

డ్యూటీ డాక్టర్‌ని లేపాను. ఆయన చూసి లోరాజెపామ్ రాశారు, రోజురోజుకీ తగ్గిస్తూ. ఇవ్వడానికి నేను జంకే జాతి మందే ఆ తాతకి ఫిట్స్ రాకుండా కాపాడింది.

ఆ రోజుల్లోనే కల్తీ కల్లు మీద ప్రభుత్వం దాడులు చేసింది. సరఫరా ఆగేసరికి నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో జనం ఫిట్స్‌తో, పిచ్చి చూపులతో ఆసుపత్రులకి చేరారు. కల్తీ కల్లులో కలిపేది అల్ప్రాజోలం (అల్ప్రాక్స్‌లో ఉండేదే), డయాజెపామ్, క్లోరల్ హైడ్రేట్. 2014 నుంచి అల్ప్రాజోలం షెడ్యూల్ హెచ్1 మందు. రాసిన డాక్టర్ పేరూ, రోగి పేరూ మందుల షాపువాళ్లు రిజిస్టర్‌లో ఎక్కించాలి. కల్లు కాంపౌండులో ఏ రిజిస్టరు? 2025 జూలైలో కూకట్‌పల్లిలో మళ్లీ కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయారు.

మీవాళ్లని ఆసుపత్రిలో చేర్చేటప్పుడు బీపీ, షుగర్ మందులతో పాటు రాత్రిపూట వేసుకునే గోలీ సంగతీ, తాగే కల్లు సంగతీ సిస్టర్‌కి చెప్పండి. దాచకండి.