పద్నాలుగు నిమిషాల ఆట

మా పాప ఎడమ కనుబొమ్మ మీద వాపుతో ఇంటికొచ్చిన రోజు మా వటారంలో పెద్ద పంచాయితీ అయింది. కొళాయి దగ్గరున్నవాళ్ళు బిందెలు వదిలేసి వచ్చేశారు. ఎవరు కొట్టారని ఒకరు, బస్సులోంచి పడిందా అని ఇంకొకరు.

"ఎవరూ కొట్టలేదత్తా, రగ్బీ ఆడతా ఉంటే తగిలింది" అని పాప నవ్వుతా చెప్పింది. ఆ నవ్వు చూసే మా అత్తమ్మకు కోపం ఎక్కువైంది. "రేపు పెండ్లిచూపులకు వచ్చేవాళ్ళకు ఏం చెప్తామే? మొగం మీద మచ్చ పడితే ఎవడు చేసుకుంటాడు?" అంది. నిజం చెప్తున్నాను, ఆ రోజు నేనూ ఆమె పక్షమే.

ఆ ఆట మా ఇంట్లోకి ఎట్లా వచ్చిందో చెప్తాను. 2023 చివర్లో కాలేజీ స్నేహితురాలు మా పాపను మైదానానికి తీసుకుపోయింది. సరిగ్గా ఆ డిసెంబరులోనే దుబాయిలో ప్రపంచ రగ్బీ సెవెన్స్ పోటీలు మొదలైనాయి. అవి ఒక్క ఊర్లో అయిపోయే పోటీలు కావు. ఆ సీజన్‌లో పన్నెండు దేశాల ఆడవాళ్ళ జట్లు, వెనకటికి నాటకం కంపెనీలు తిరిగినట్టు, ఊరూరూ తిరిగినాయి. దుబాయి, కేప్‌టౌన్, పెర్త్, వాంకూవర్, లాస్ ఏంజెలెస్, హాంకాంగ్, సింగపూర్, చివరికి మాడ్రిడ్. పాప ఫోనులో చూసేది, పక్కన మా నాయన కూర్చునేవాడు. పెర్త్‌లో ఐర్లాండ్ అమ్మాయిలు మొట్టమొదటిసారి కప్పు గెలిచిన రోజు ఇద్దరూ చప్పట్లు కొట్టారు. ఐర్లాండ్ ఎక్కడుందో మా నాయనకు తెలియదు. "ఎప్పుడూ గెలవనోళ్ళు గెలిచినారు గదా, అందుకే" అన్నాడు.

ఆట సంగతి కూడా రెండు ముక్కల్లో చెప్తాను. పెద్ద రగ్బీలో జట్టుకు పదిహేను మంది, ఎనభై నిమిషాలు. సెవెన్స్‌లో జట్టుకు ఏడుగురే, ఏడేసి నిమిషాలు రెండు భాగాలు. మైదానం మాత్రం అంతే పెద్దది. అందుకే పరుగు ఎక్కువ. బంతిని చేత్తో ముందుకు విసరకూడదు, పక్కకో వెనక్కో ఇవ్వాలి. అవతలి గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే అయిదు పాయింట్లు. ఆ తరవాత కాలితో తన్ని, రెండు కంబాల నడుమ అడ్డకర్ర మీదుగా పంపితే ఇంకో రెండు. బంతి పట్టుకున్న మనిషిని పట్టి పడేయొచ్చు గానీ మెడ, తల ముట్టుకోకూడదు.

పాపకు దెబ్బ తగిలిన వారంలోనే కాలేజీ నుంచి ఒక ఫారం వచ్చింది. సెలెక్షన్ క్యాంపుకు పంపడానికి తల్లిదండ్రుల సంతకం కావాలి. ఆ ఫారం దేవుడి పటం వెనక పెట్టి, చూస్తాం అన్నాను. పాప రోజూ పొద్దున పటం వైపు చూసేది, ఏమీ అడిగేది కాదు.

2024 జులై 30 రాత్రి పారిస్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ సెవెన్స్ చివరి ఆటలు. నేను షిఫ్టు నుంచి వచ్చి, వంట ముగించి కూర్చున్నాను. కంచు పతకానికి అమెరికా, ఆస్ట్రేలియా ఆడుతున్నాయి. ఆస్ట్రేలియాకు పన్నెండు, అమెరికాకు ఏడు. టైం అయిపోయింది. అప్పుడు అమెరికా పిల్ల అలెక్స్ సెడ్రిక్ తమ గీత దగ్గర్నుంచి బంతి పట్టుకుని, పట్టుకోబోయిన వాళ్ళను విదిలించుకుని, మైదానం ఈ కొస నుంచి ఆ కొసకు పరుగెత్తింది. తరవాత కిక్కు కూడా తనే కొట్టింది. పద్నాలుగు, పన్నెండు. నాకు తెలియకుండానే లేచి నిలబడ్డాను. ఆ తరవాత న్యూజిలాండ్ 19-12తో కెనడాను ఓడించి బంగారు పతకం తీసుకుంది.

అందరూ పడుకున్నాక మా నాయన తన కుడిచెయ్యి నా ముందు పెట్టాడు. చూపుడువేలు పైకణుపు లేదు. నా చిన్నప్పుడు మిల్లులో కార్డింగ్ మిషన్‌లో పోయింది.

"ఇది తెగినప్పుడు ఇంక మిల్లుకు పోవద్దని నాకు ఎవరన్నా చెప్పినారామ్మా? కట్టు విప్పకముందే షిఫ్టుకు పోయినాను. మీ అమ్మే క్యారియరు కట్టిచ్చింది."

"అది కడుపు కోసం గదా నాయనా."

"అవును. కడుపు కోసం తగిలితే ఒప్పుకుంటిమి. దీనికి ఇష్టమై తగిలితే మచ్చ అంటాండాము."

నేను మాట్లాడలేదు. నా ఎడమచేతి వేలి గోరులో మిషన్ సూది దిగిన గుర్తు ఉంది. దాన్ని చూసి మా అత్తమ్మ ఏనాడూ బాధపడలేదు. నేనూ పడలేదు.

అయినా భయం భయమే. మరునాడు సగం పూట సెలవు పెట్టి కోచ్‌ను కలిశాను. నోట్లో పెట్టుకునే గార్డు లేకుండా ఆడనివ్వనని, పడటం, పట్టడం సరిగా నేర్పాకే మ్యాచ్‌కు దింపుతానని చెప్పాడు. తలకు దెబ్బ తగిలిందని అనుమానం వస్తే ఆ రోజు ఇంక ఆడించకూడదట. అదీ ఆట నియమమేనట. మీ పిల్లలు ఏ ఆట ఆడినా ఇవి అడగండి. అడిగితే ఎవరూ తప్పు పట్టరు.

ఇంటికొచ్చి సంతకం పెట్టాను. మా అత్తమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

పాప క్యాంపుకు పోయింది, జట్టులోకి మాత్రం ఎంపిక కాలేదు. ఒడిశా, బీహార్ పిల్లల పరుగు గురించి అక్కడ ఒకటే మాటలట. "వాళ్ళ పక్కన మేము నడుస్తున్నట్టే ఉంటుందమ్మా" అంది. 2025 జూన్‌లో ముంబైలో రగ్బీ ప్రీమియర్ లీగ్ పెట్టారు. బెంగళూరు పేరుతోనూ ఒక జట్టు ఆడింది, అప్పుడు అందరూ మగవాళ్ళే. పాప మొహం చిన్నబోయింది. ఆగస్టులో బీహార్‌లోని రాజ్‌గిర్‌లో జరిగిన ఆసియా పోటీల్లో ఇరవై ఏళ్ళ లోపు మన అమ్మాయిలు కంచు పతకం గెలిచారు. ఆ ఫొటో మా ఇంట్లో దేవుడి పటం పక్కన ఉంది.

పాప పెద్ద ఆటగత్తె అవుతుందో లేదో నాకు తెలియదు. డిగ్రీ అయ్యాక ఉద్యోగం చూసుకోవాల్సిందే. ఆదివారం పొద్దున మాత్రం అయిదుకే లేచి బూట్లు కట్టుకుంటుంది. తిరిగొచ్చేసరికి మోకాలికో మోచేతికో ఏదో ఒకటి తగిలే ఉంటుంది. ఈమధ్య ఎదురింటి ఫ్రిజ్‌లోంచి ఐసు ముక్కలు అడిగి తెచ్చేది మా అత్తమ్మే. తిడతానే తెస్తుంది.